హెచ్5ఎక్స్ కాన్సెప్ట్, రోడ్డెక్కిన హారియర్: ఏది మనకు?

2018 ఆటో ఎక్స్‌పోలో టాటా హెచ్5ఎక్స్ కాన్సెప్ట్‌ను, అంటే అమ్మకానికి ముందు చూపించే నమూనా కారును, చూసినవాళ్లు చూపు తిప్పుకోలేకపోయారు. 2019 జనవరిలో అదే హారియర్ పేరుతో అమ్మకానికొచ్చింది. ముఖం దాదాపు అలాగే ఉంచారు: పైన సన్నటి డీఆర్ఎల్‌లు (పగలు కూడా వెలిగే దీపాలు), కింద బంపర్‌లో హెడ్‌లైట్లు. ఇది నిజంగా మెచ్చుకోవాల్సిన ధైర్యం.

అసలు తేడా చక్రాల దగ్గర. కాన్సెప్ట్‌కు 22 అంగుళాలవి, తొలి హారియర్‌కు ఎక్కువలో ఎక్కువ 17. టైరుతో కలిపి చక్రం మొత్తం కొలత మారకుండా రిమ్ పెద్దదైతే టైరు పక్క భాగం పలచబడుతుంది. వానాకాలంలో నల్లగొండ నుంచి దేవరకొండ వైపు వెళ్తూ గుంతలో దిగిందనుకోండి, దెబ్బ నేరుగా రిమ్‌కే. మందపాటి టైరైతే ఆ కుదుపు చాలావరకు తానే మింగేస్తుంది. పైగా టైరు పక్కన చిరిగితే 22 అంగుళాలది మిర్యాలగూడలో వెంటనే దొరకడం కష్టం. ఇంటిల్లిపాదితో దారిలో ఆగిపోతే ఎంత టెన్షన్!

అందంలో మాత్రం నా ఓటు హెచ్5ఎక్స్‌కే. పక్కనుంచి చూస్తే తొలి హారియర్‌కు ఒళ్లు భారీగా, చక్రాలు చిన్నగా అనిపిస్తాయి. 2023లో రూపం మార్చినప్పుడు పెద్ద చక్రాలు ఇచ్చారు. మన జిల్లా రోడ్లకైతే ఇప్పటికీ నేను 17 అంగుళాలవే ఎంచుకుంటాను.