కోర్టు స్టెనో టేబుల్ మీద వాలు స్టాండు: ఏళ్ల తరబడి వాడాక

జిల్లా కోర్టులో స్టెనోని. పగలు డిక్టేషన్లు, సాయంత్రం నోట్స్ చూసుకుంటూ జడ్జిమెంట్లు టైపు చేయడం. మెడ నొప్పి అనగానే అందరూ కుర్చీ మార్చమంటారు. మంచి కుర్చీతో నడుముకి హాయి దొరికింది కానీ మెడ పట్టేయడం ఆగలేదు. అసలు బాధ నోట్‌బుక్‌తో. మాటల్ని గీతలుగా వేగంగా రాసే పిట్‌మన్ షార్ట్‌హ్యాండ్‌లో 'పి'కీ 'బి'కీ తేడా గీత సన్నమా, లావా అన్నదే. గీత లైనుకి పైన ఉందా, లైను మీద ఉందా అన్నదాన్ని బట్టి కూడా మాట మారుతుంది. పుస్తకం కీబోర్డు పక్కన పడి ఉంటే ప్రతి లైనుకీ మెడ వంచి, పక్కకి తిప్పి చూడాల్సిందే.

నోట్‌బుక్ వాలుగా నిలబెట్టే ఈ అక్రిలిక్ స్టాండు కీబోర్డుకీ మానిటర్‌కీ మధ్య కూర్చుంటుంది. నోట్స్ తెరకి సరిగ్గా కింద ఉంటాయి కాబట్టి కళ్లు కదిలితే చాలు. మొదటి నెలలోనే కుడి భుజం లాగడం బాగా తగ్గింది. మానిటర్ పై అంచు కంటి ఎత్తుకి వచ్చేలా కింద ఏదైనా పెట్టుకోవాలి, లేకపోతే స్టాండు తెరకి అడ్డొస్తుంది.

లోపాలూ ఉన్నాయి. మరీ నిటారుగా పెడితే పెన్సిల్ గీతలు ట్యూబ్‌లైట్‌కి మెరిసి, సన్న గీతేదో లావు గీతేదో తెలియదు. వాలు కొంచెం తగ్గిస్తే సరిపోతుంది. కింది అంచు చిన్నది, లావుపాటి పుస్తకం జారుతుంది. పైన స్పైరల్ ఉన్న ప్యాడ్ అయితే చక్కగా నిలుస్తుంది.

స్టాండు ఒక్కటే చాలదు. నేను ఐదడుగులు, ఆఫీసు టేబుల్ 30 అంగుళాలు. మోచేయి కీబోర్డు ఎత్తుకి వచ్చేలా కుర్చీ పెంచితే కాళ్లు వేలాడి తిమ్మిరెక్కుతాయి. పాదాల కింద పీట తప్పనిసరి. కీబోర్డుకి వెనక వైపున్న చిన్న స్టాండు కాళ్లు మడిచేయండి, మణికట్టు పైకి వంగదు.

డిక్టేషన్‌కి మాత్రం స్టాండు వద్దు. పుస్తకం బల్ల మీదే ఉండాలి, ముంజేయి మొత్తం ఆనాలి, పెన్సిల్ పట్టు వదులుగా ఉండాలి. పేజీ చివరికొచ్చేలోపే ఎడమచేతి బొటనవేలితో పేజీ మూల ఎత్తి పట్టుకుంటే భుజం బిగుసుకోదు.

ఎస్సెస్సీ (స్టాఫ్ సెలెక్షన్ కమిషన్) స్టెనోగ్రాఫర్ గ్రేడ్ సి స్కిల్ టెస్టుకి తయారవుతున్న పిల్లలకి ఒక మాట: నిమిషానికి 100 మాటల చొప్పున పది నిమిషాల డిక్టేషన్ ఇస్తారు. పరీక్ష హాల్లో స్టాండు ఉంటుందనుకోకండి. ప్రాక్టీసులో కొన్ని రోజులు పుస్తకం బల్ల మీదే పెట్టుకుని టైపు చేయండి.