ఔల్‌బేర్ మినియేచర్ (ఆటలో వాడే చిన్న బొమ్మ) - ఆటలో అడవి పోరాటాలకి సూపర్

గుడ్లగూబ మొహం, ఎలుగుబంటి ఒళ్ళు, రెండూ కలిసే చోట ఈకలు మెల్లగా బొచ్చులోకి మారిపోయినట్టు చెక్కారు చూడండి, అక్కడే నాకు తెగ నచ్చేసింది, చాలా బొమ్మల్లో మెడ దగ్గర అతికించినట్టు ఉంటుంది. డంజన్స్ అండ్ డ్రాగన్స్ అని పాత్రలు వేసుకుని టేబుల్ మీద ఆడే ఆటలో 1975 నుంచీ ఉన్న జంతువు ఇది, ఏదో చవక ప్లాస్టిక్ బొమ్మని చూసి పుట్టించారట. 2014 రూల్స్‌లో హిట్ పాయింట్లు (ఎన్ని దెబ్బలు తట్టుకుంటుందో చెప్పే అంకె) 59, ఛాలెంజ్ రేటింగ్ (ఎంత కష్టమైన శత్రువో చెప్పే అంకె) 3 అంతే, కానీ ఒక్క టర్న్‌లో ముక్కుతో ఒక దెబ్బ గోళ్ళతో ఇంకో దెబ్బ, రెండూ తగిలితే ఫస్ట్ లెవెల్ విజార్డ్ (ఇప్పుడే మొదలెట్టిన మంత్రగాడి పాత్ర) పని అయిపోయినట్టే. బేస్ 2 అంగుళాలు, గ్రిడ్ మీద నాలుగు గళ్ళలో కరెక్ట్‌గా కూర్చుంటుంది. గోళ్ళు మాత్రం మరీ సన్నం, పెయింట్ వేసేటప్పుడు వంగిపోతున్నాయి, బేస్ దగ్గరే పట్టుకోండి. కళ్ళకి పసుపు వేసి చుట్టూ నల్ల వాష్ (పల్చటి రంగు) ఇస్తే భలే భయంగా ఉంటుంది.