యార్క్‌షైర్ డేల్స్‌లో వసంతం: పగలు పొలాల నడక, సాయంత్రం ఊలు గొర్రెపిల్లలు

ఇంగ్లండ్ ఉత్తరాన ఉన్న యార్క్‌షైర్ డేల్స్ లోయలకు లీడ్స్, మాంచెస్టర్‌లలో ఉండే మనవాళ్ళు తరచుగానే వెళుతుంటారు. చాలామంది పొద్దున్నే కారులో బయలుదేరి, మాలమ్ కొండ చూసి, ఒక జలపాతం దగ్గర కాసేపు గడిపి, చీకటి పడేలోగా ఇంటికి చేరుకుంటారు. పగలంతా గొర్రెల మేతపొలాల మధ్య నడిచి, సాయంత్రం బసలో కూర్చుని ఆనాడు చూసిన జంతువును ఊలుతో అల్లుకోవాలన్న కోరిక ఉన్నవారికి ఆ పద్ధతి సరిపోదు. వారికి కావలసినవి గుమ్మం దాటగానే మొదలయ్యే కాలిబాటలు, మంచి వెలుతురు ఉన్న గది, నడిచి వెళ్ళగలిగేంత దూరంలో భోజనం. లీడ్స్‌లో ఉంటున్న మా అమ్మాయి దగ్గరికి వచ్చినప్పుడల్లా నేనూ మావారూ ఈ లోయల్లోని వేర్వేరు ఊళ్ళలో బస చేశాము. ఆ ఊళ్ళను, బసలను, బస్సులను నేను ఈ కొలతతోనే తూచి చెబుతున్నాను.

నడకకూ అల్లికకూ ఈ నేల మీద ఉన్న సంబంధం నేను కల్పించుకున్నది కాదు. పద్ధెనిమిదో శతాబ్దంలో ఇక్కడి కుటుంబాలు ఆడా మగా పిల్లా పెద్దా తేడా లేకుండా మేజోళ్ళు, టోపీలు, చేతితొడుగులు అల్లి కెండల్ వర్తకులకు అమ్మేవి. గొర్రెల వెంట పోతూ, సంతకు నడుస్తూ కూడా వారి చేతులు ఆగేవి కావు. దానికి వీలు కల్పించింది నడుముపట్టీలో దోపుకునే ఒక చిన్న చెక్క పనిముట్టు. దాని కొసన ఉన్న రంధ్రంలో ఒక సూది మొన దూర్చితే సూది బరువు నడుము మోస్తుంది, కుడిచేతి వేళ్ళకు ఊలు తిప్పే పని ఒక్కటే మిగులుతుంది. హాస్ ఊరిలోని డేల్స్ కంట్రీసైడ్ మ్యూజియంలో ఇలాంటి చెక్కలు అద్దాల వెనుక ఉన్నాయి. కొన్నింటి మీద ఎంతో ఓపికగా చెక్కిన నగిషీలు కనిపిస్తాయి. మేరీ హార్ట్లీ, జోన్ ఇంగిల్బీ వంటివారు ఊరూరా తిరిగి సేకరించిన వస్తువులే ఈ మ్యూజియానికి పునాది. నరసాపురం ప్రాంతంలో అరుగుల మీద కూర్చుని లేసు అల్లే ఆడవాళ్ళ మధ్య పెరిగిన నాకు, ఇంటి సంపాదనలో సగం భారం మోసిన ఆ అజ్ఞాత చేతుల పనిముట్ల ముందు నుంచి త్వరగా కదలబుద్ధి కాలేదు. టికెట్ ఖర్చుకు పూర్తి విలువ దక్కే చోటు ఇది.

బసకు ఒకే ఊరు ఎంచుకోవలసి వస్తే నా మాట హాస్. వెన్స్లీడేల్ లోయ పైభాగంలో ఉన్న ఈ చిన్న పట్నంలో మంగళవారం సంత జరుగుతుంది. కిరాణా దుకాణాలు, బేకరీ, మందుల దుకాణం ఉన్నాయి. జున్ను తయారుచేసే వెన్స్లీడేల్ క్రీమరీకి నడిచే వెళ్ళవచ్చు. శాకాహారులు ఏ జున్ను కొన్నా, పాలను గడ్డకట్టించడానికి జంతువుల నుంచి తీసిన రెన్నెట్ వాడారేమో అడిగి కొనడం మంచిది. అన్నిటికంటే ముఖ్యం, పెన్నైన్ వే అనే సుదీర్ఘ కాలిబాట ఈ ఊరి గుండానే పోతుంది. 1965లో ప్రారంభమైన ఆ బాట మొత్తం పొడవు సుమారు 430 కిలోమీటర్లు. మనకు కావలసింది అందులో చిన్న ముక్క మాత్రమే. హాస్ నుంచి హార్డ్రా వరకు పొలాలకు అడ్డంగా రాతి పలకలు పరిచిన దారి ఉంది, మోకాళ్ళ నొప్పులున్నవారు కూడా నిదానంగా వెళ్ళి రాగలరు. చివర ఉన్న హార్డ్రా ఫోర్స్ జలపాతం సుమారు 30 మీటర్ల ఎత్తు నుంచి ఒకే ధారగా పడుతుంది. దాన్ని చూడటానికి ప్రవేశ రుసుము కట్టాలి. వసంతపు వానలు పడిన మరునాడైతే ఆ రుసుము గురించి ఎవరూ విచారించరు.

ఏప్రిల్‌లో ఆ దారికి ఇరువైపులా గొర్రెపిల్లలే. కొండ గొర్రెలు పల్లపు ప్రాంతాల గొర్రెల కంటే ఆలస్యంగా ఈనుతాయి కనుక, దక్షిణాన పిల్లలు పెద్దవైపోయే వేళకు ఇక్కడ సందడి మొదలవుతుంది. స్వేల్‌డేల్ జాతి తల్లిగొర్రెకు నల్లని ముఖం, ముట్టె చుట్టూ తెలుపు, పొట్టేలుతో పాటు తనకూ మెలి తిరిగిన కొమ్ములు ఉంటాయి. కాళ్ళ మీద నలుపు తెలుపు కలిసిన మచ్చలు. తల్లికీ దాని పిల్లలకూ ఒకే అంకెను రంగుతో వేస్తారు, తప్పిపోయిన పిల్లను తల్లి దగ్గరికి చేర్చడానికి. నేను అల్లిన గొర్రెపిల్లల పక్కన కూడా నీలం ఊలుతో అంకె కుట్టాను. అది చూసి మా మనవరాలు వాటిని జతలుగా పెట్టడం నేర్చుకుంది.

ఈ దారుల్లో పాటించవలసిన మర్యాదలు కొన్ని ఉన్నాయి. తెరిచిన గేటును తిరిగి మూయాలి. సున్నం లేకుండా పేర్చిన రాతి గోడలను ఎక్కకుండా, దాటడానికి కట్టిన మెట్ల మీదుగానే పోవాలి. ఒంటరిగా అరుస్తున్న పిల్లను ఎత్తుకోరాదు, తల్లి దగ్గరలోనే ఉంటుంది. గర్భిణులు ఈనే గొర్రెలకూ, అప్పుడే పుట్టిన పిల్లలకూ దూరంగా ఉండాలని ఇక్కడి వైద్యులు హెచ్చరిస్తారు. మన కుటుంబాలలో చాలామందికి ఈ సంగతి తెలియదు కనుక గట్టిగా చెబుతున్నాను. పసుపు బాణం గుర్తు కాలినడక బాటకు, నీలం గుర్తు గుర్రాలూ సైకిళ్ళూ కూడా పోగల బాటకు. ఫోన్ సిగ్నల్ లోయల్లో నమ్మదగినది కాదు, అందుచేత బ్రిటన్ జాతీయ పటాల సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే వారి 1:25,000 కాగితపు పటం సంచిలో ఉండవలసిందే.

హాస్‌లో మేము రెండు రకాల బసలు చూశాము. ఒకటి పబ్ పైన గది. పొద్దుటి పలహారం బాగుంది. మాంసం వద్దంటే గుడ్లు, పుట్టగొడుగులు, బీన్స్, కాల్చిన టమాటాలు ఓర్పుగా వండి పెట్టారు, తడిసిన బూట్లు ఆరబెట్టుకోవడానికి వేడి గది చూపించారు. అయితే గదిలో ఉన్నది ఒక్క మసక పసుపు దీపం. నల్ల ఊలుతో గొర్రె ముఖం అల్లేటప్పుడు కుట్లు లెక్కపెట్టడం ఆ వెలుతురులో అసాధ్యం, పైగా కింద సంభాషణలు పొద్దుపోయేదాకా వినిపించాయి. రెండోది ఊరి వెలుపల ఒక రైతు ఇంటి పక్క కుటీరం. సొంత వంటిల్లు ఉంది కనుక అన్నం, పప్పు వండుకుని వెంట తెచ్చుకున్న ఆవకాయతో తిన్నాము. పడమటి కిటికీ దగ్గర వెడల్పాటి కుర్చీ ఉంది. మే నెలలో రాత్రి ఎనిమిదిన్నర దాకా ఆ కిటికీలోంచే చాలినంత వెలుగు వచ్చింది. శని ఆదివారాలకు రెండు రాత్రులకు తక్కువ ఇవ్వకపోవడం ఇలాంటి చోట్ల మామూలే. అల్లిక పనికైనా, మన భోజనానికైనా కుటీరమే ఉత్తమం. పబ్‌లలో వంట చాలాచోట్ల ఎనిమిది, ఎనిమిదిన్నరకే ఆగిపోతుందన్నది కూడా దానికే అనుకూలమైన వాదన.

మాలమ్ అందం గురించి వేరే చెప్పనక్కరలేదు. ఊరి వెనుక సున్నపురాతి కొండ 80 మీటర్ల ఎత్తున నిటారుగా నిలిచి ఉంటుంది; మే నెలలో జానెట్స్ ఫాస్ జలపాతానికి పోయే అడవి బాటంతా అడవి వెల్లుల్లి తెల్లపూలతో నిండి, పోపు వాసన లాంటి ఘాటుతో గుబాళిస్తుంది. అయితే సెలవు రోజుల్లో పది గంటలకే కార్లు నిండిపోతాయి, కొండ పైకి పోయే మెట్ల మీద మనుషుల వరుస తెగదు. పని దినాల్లో ఒక పగలు గడపడానికి ఇది శ్రేష్ఠమైన చోటు. బసకు మాత్రం నేను ఎంచుకోను.

ఊలు కొనడానికి స్వేల్‌డేల్ లోయలోని మ్యూకర్ వెళ్ళాలి. హాస్ నుంచి బటర్‌టబ్స్ కనుమ మీదుగా, 526 మీటర్ల ఎత్తు దాకా ఎక్కి దిగే రోడ్డు అది. డ్రైవింగ్‌లో ధైర్యం తక్కువైనవారు మంచు లేని రోజునే పెట్టుకోవాలి. మ్యూకర్‌లోని స్వేల్‌డేల్ వూలెన్స్ దుకాణంలో స్థానిక గొర్రెల ఊలుతో చేసిన వస్తువులు దొరుకుతాయి. స్వేల్‌డేల్ ఊలు ముతకది, తివాచీలకు వాడేది. అందుచేత పిల్లలు చెంపకు ఆనించుకునే బొమ్మకు దాన్ని నేను వాడను, గొర్రె వీపు మీద గరుకుదనం కోసం నాలుగు వరుసలు మాత్రం వేస్తాను. మిగిలినదానికి వెన్స్లీడేల్ జాతి మెరిసే పొడుగు ఊలు గానీ, బ్లూఫేస్డ్ లెస్టర్ ఊలు గానీ హాయిగా ఉంటుంది. స్వెటర్‌కు వాడే డీకే (మధ్యస్థ మందం) దారాన్నే బొమ్మకు తీసుకుంటే సూదులు 4 మిల్లీమీటర్లవి కాకుండా 3 మిల్లీమీటర్లవి ఉండాలి. అప్పుడే అల్లిక బిగువుగా వచ్చి లోపలి దూది బయటికి కనబడదు. నిట్ (సూటి), పర్ల్ (తిరగేసిన) కుట్లు ఒకదాని పక్కన ఒకటి మార్చి మార్చి వేసి, తరువాతి వరుసలో వాటి చోట్లు తారుమారు చేస్తే గొర్రె ఉన్ని లాంటి గింజల నేత వస్తుంది. మూడేళ్ళలోపు పిల్లలకు ప్లాస్టిక్ కళ్ళు అతికించడం ప్రమాదం, నల్లదారంతో కుట్టేయాలి. మ్యూకర్ గడ్డిపొలాల పూలు మే చివర మొదలై జూన్‌లో నిండుగా ఉంటాయి. ఆ గడ్డి పశువుల శీతకాలపు మేత కనుక రాతి బాట మీద ఒకరి వెనుక ఒకరుగా నడవమని అక్కడ బోర్డు పెట్టారు. పైనుంచి కర్ల్యూ పక్షుల దీర్ఘమైన కూత వినవస్తుంది, మన తీతువుకు దగ్గరి బంధువైన లాప్‌వింగ్ పొలం మీద పల్టీలు కొడుతుంది. తీతువు కూత అశుభమని విని పెరిగినవారు ఈ పక్షి ఆట ఒకసారి చూడాలి.

రైలు ప్రేమికులు లీడ్స్ నుంచి సెటిల్–కార్లైల్ మార్గంలో రావాలి. 1980లలో మూసివేత దాకా వెళ్ళిన ఈ మార్గాన్ని ప్రజల పోరాటం 1989లో కాపాడింది. రిబుల్‌హెడ్ దగ్గర 24 కమానుల వంతెన దాటాక డెంట్ స్టేషన్ వస్తుంది, 350 మీటర్ల ఎత్తున. ఇంగ్లండ్ ప్రధాన రైలు మార్గాల్లో ఇంతకంటే ఎత్తైన స్టేషన్ లేదు. అయితే డెంట్ ఊరు అక్కడికి దాదాపు ఏడు కిలోమీటర్లు, దారి నిటారైన దిగుడు, బస్సులు అరుదు. మేము ముందుగా మాట్లాడుకున్న టాక్సీ రాకపోవడంతో పెట్టెలతో చాలాసేపు నిలబడవలసి వచ్చింది. హాస్‌కు దగ్గరి స్టేషన్ గార్స్‌డేల్ నుంచైతే లిటిల్ వైట్ బస్ అనే స్థానికుల చిన్న బస్సు ఉంది. దాని డ్రైవర్లు ప్రయాణికులను పేరుపేరునా పలకరించి, బరువులు తామే అందుకుంటారు. ఇంత చక్కని సేవ నేను నగరాల్లో కూడా చూడలేదు. వేళలు రుతువును బట్టి మారతాయి కనుక ముందే సరిచూసుకోవాలి.

కష్టపడి చేరినా డెంట్ నిరాశపరచదు. గులకరాళ్ళు పరిచిన వీధి, తెల్లసున్నం గోడలు, 1785లో ఈ ఊళ్ళో పుట్టిన భూగర్భ శాస్త్రవేత్త ఆడమ్ సెడ్జ్‌విక్ పేరిట నిలిపిన గ్రానైట్ శిల. శీతకాలపు రాత్రులు పొయ్యి, దీపం ఖర్చు కలిసివచ్చేలా ఇరుగుపొరుగు ఒకే ఇంట్లో చేరి, కబుర్లు చెప్పుకుంటూ అల్లుకునేవారని ఆయన రాసి ఉంచారు. ఊరి చివర నుంచి ఫ్లింటర్ గిల్ వాగు వెంట రాళ్ళ బాటలో ఎక్కితే లోయ అంతా కనిపిస్తుంది. తడి రోజున చేతికర్ర లేకుండా ఎక్కరాదు. ఇక్కడ ఒక రాత్రి చాలు, అదీ సొంత కారు ఉంటేనే.

గొర్రెపిల్లలే ముఖ్యమనుకునేవారు ఏప్రిల్ రెండో సగంలో రావాలి, చలికోటు తప్పనిసరి. పూలు, పొడవైన సాయంత్రాలు కావాలనుకునేవారికి మే మూడో వారం మేలు. ఈస్టర్‌కూ, మే మొదటి, చివరి సోమవారాల సెలవులకూ కుటీరాలు నెలల ముందే అయిపోతాయి. గది బుక్ చేసేటప్పుడు చదువుకునే దీపం ఉందా, కిటికీ ఏ దిక్కున ఉంది అని అడగండి. మేము అడిగిన ప్రతిచోటా యజమానులు విసుక్కోకుండా జవాబిచ్చారు, ఒకావిడ అయితే మేము వెళ్ళేసరికి పొడవాటి దీపపు స్తంభం తెచ్చి కుర్చీ పక్కన పెట్టి ఉంచారు.