ఇంటి ఉగ్గు, డబ్బా పిండి, బాలామృతం: పిల్లాడికి ఏది మేలు?

మా వాడికి అన్నప్రాసన అయిన మర్నాడు మా వంటింట్లో మూడు రకాలు వరసగా చేరాయి. అత్తమ్మ అటక మీది ఉగ్గుగిన్నె దింపి, చింతపండు వేసి తోమి పెట్టారు. మా ఆయన నెల్లూరు ట్రంకు రోడ్డులో మందుల షాపు నుంచి డబ్బా పిండి తెచ్చారు. అంగన్‌వాడీ నుంచి బాలామృతం పిండి ప్యాకెట్ వచ్చింది. అసలే మొదటి బిడ్డ, ఏది పెడితే ఏమవుతుందోనని నాకు ఒకటే టెన్షన్. ఇప్పుడు వాడికి పద్నాలుగు నెలలు. మూడూ పెట్టి చూశాను కాబట్టి చెబుతున్నా: రోజూ పెట్టడానికి ఇంటి ఉగ్గే మేలు. కానీ ఐరన్ సంగతి, నీళ్ల సంగతి మనమే చూసుకోవాలి.

ఉగ్గుకి పెద్ద పనేమీ లేదు. రెండు పాళ్లు బియ్యం, ఒక పాలు పెసరపప్పు కడిగి ఆరబెట్టి, కమ్మటి వాసన వచ్చేదాకా సన్న సెగ మీద వేయించి, రవ్వలా పట్టుకోవడమే. పది పదిహేను రోజులకు సరిపడానే చేసుకోవాలి. నెల్లూరు గాలికి ఎక్కువ రోజులుంచితే ముక్కిపోయిన వాసన వస్తుంది. రాగులైతే రాత్రి నానబెట్టి, గుడ్డలో మూటగట్టి మొలకెత్తించి, ఎండబెట్టి, వేయించి పట్టించాలి. కిటుకంతా ఆ మొలకలోనే ఉంది. మొలకెత్తిన గింజలో అమైలేజ్ అనే ఎంజైము పుట్టి పిండిపదార్థాన్ని విడగొడుతుంది. మామూలు రాగిపిండి రెండు చెంచాలకే గడ్డలా అయిపోయే జావ, మొలకల పిండితో కాస్తే జారుగా వస్తుంది. అంటే అదే గిన్నెలో ఇంకాస్త పిండి వేయొచ్చు. పిల్లాడి పొట్ట నాలుగు చెంచాలకే నిండిపోతుంది, బలమంతా ఆ నాలుగు చెంచాల్లోనే ఉండాలి కదా. పైగా 100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, తెల్ల బియ్యంలో 10 కూడా ఉండదు. వేలు ముంచి వేడి చూసుకుని, చుక్క నెయ్యి వేసి, చెంచా పక్కకు వంచితే వెంటనే కారిపోకుండా ఉందో లేదో చూసి పెట్టేదాన్ని. ఏడాది నిండేదాకా ఉప్పు వేయలేదు, పంచదార ఇప్పటికీ వేయడం లేదు. తేనె నాకించమని చాలామంది చెప్పారు గానీ, ఏడాదిలోపు పిల్లలకి తేనె పెట్టకూడదు. అందులో బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు తెచ్చే క్రిమి ఉండొచ్చు.

డబ్బా పిండి గొప్పతనం ఐరన్. తల్లి కడుపులో దాచుకుని వచ్చిన ఐరన్ బిడ్డకి ఆరు నెలలకల్లా కరిగిపోతూ వస్తుంది, చనుబాలలో ఉండేది తక్కువ. డబ్బాలో దాన్ని కొలిచి కలుపుతారు. ఉత్త బియ్యం ఉగ్గులో అది దాదాపు లేనట్టే. ఈ ఒక్క మాటలో మా ఆయనదే నిజం. అయితే దానికోసం డబ్బానే అక్కర్లేదు. ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లలకి వారానికి రెండుసార్లు 1 మిల్లీలీటరు చొప్పున ఐరన్ సిరప్ ప్రభుత్వమే ఇస్తుంది, టీకాలు వేసే ఏఎన్ఎమ్మమ్మని అడిగితే చాలు. మొలకెత్తిస్తే గింజలోని ఐరన్ కూడా ఒంటికి బాగా పడుతుంది. పప్పన్నంలో రెండు చుక్కలు పొదలకూరు నిమ్మరసం పిండినా అంతే. డబ్బాల్లో కొన్నిటికి తీపి కలుపుతారు, ఖర్చు కూడా ఇంటి పిండికి ఎన్నో రెట్లు. ప్రయాణాల్లో మాత్రం దాన్ని మించింది లేదు.

బాలామృతం మంచిదే, పైసా ఖర్చు లేదు. కాకపోతే తియ్యగా ఉంటుంది. తీపి మరిగాక మా వాడు చప్పటి ఉగ్గు ఉమ్మేయడం మొదలుపెట్టాడు. అందుకే వారానికి రెండు పూటలకు తగ్గించాను.

ఇక నీళ్లు. దేన్ని కలపాలన్నా నీళ్లు కావాలి, మా పుట్టిల్లేమో కనిగిరి వైపు. లీటరు నీళ్లలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదంటారు. మా వైపు చాలా బోర్లలో అది దాటే ఉంటుంది. అందుకే నాతో చదువుకున్నవాళ్లు నవ్వితే పళ్ల మీద గోధుమరంగు చారలు కనిపిస్తాయి. వీడి ఎనిమిదో నెలలో అక్కడికి వెళ్తే, అమ్మ బోరు నీళ్లతో ఉగ్గు కాచి తెచ్చింది. ‘‘బాగా మరగకాచాలే అమ్మా, ఏం కాదు’’ అంది. మరిగితే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు. నీళ్లు ఇగిరేకొద్దీ మిగిలినదాంట్లో ఇంకా ఎక్కువవుతుంది. క్యాండిల్ ఫిల్టరూ దాన్ని ఆపలేదు, ఆర్వో ఫిల్టరైతే ఆపుతుంది. తల్లి ఆ నీళ్లే తాగినా చనుబాలలోకి వచ్చేది బహు తక్కువ. కాబట్టి బిడ్డకి అసలు ముప్పు పైతిండి మొదలయ్యాకే. రేపు రాబోయే శాశ్వత దంతాలు ఇప్పుడే చిగుళ్ల లోపల తయారవుతుంటాయి, మచ్చలు మనకు కనపడేది మాత్రం ఆరేడేళ్లకి.

ఆ గిన్నెడు ఉగ్గు పారబోస్తుంటే అమ్మ ముఖం చిన్నబోయింది. పక్కన కూర్చుని ఇదంతా నెమ్మదిగా చెప్పాను. ఇప్పుడు మేం బస్సెక్కామని ఫోన్ చేయగానే ఆర్వో క్యాను తెప్పించి, పొయ్యి పక్కనే పెట్టుకుంటోంది.