బాబాయితో వాదనా, మాట మార్చడమా?

మా బాబాయిది ఫ్యాను (వైసీపీ), నాది సైకిలు (టీడీపీ). 2019లో 151 సీట్లొచ్చాయని ఫోన్ చేసి మరీ నవ్వాడు. 2024 జూన్ 4న వాళ్ల సీట్లు "11" అని నేను మెసేజ్ పెట్టా. రెండు నెలలు మాటల్లేవు.

వాదిస్తే: ఖర్చు పండగ భోజనం. పిన్ని గారెల గిన్నె పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోతుంది. ఒక్క ఓటూ మారదు. కానీ అమరావతికి భూమిచ్చిన రైతు దిగులు ఆయనకు, గడప దగ్గరే పింఛను అందుకున్న ముసలమ్మ సంబరం నాకు తెలిసింది ఇలాగే.

మాట మారిస్తే: శ్రమ తక్కువ. "వడ్లు ఎంతకి పోయాయి?" అంటే చాలు. (అదీ మద్దతు ధర మీదికే పోతుందనుకోండి.) ముప్పల్లా మెల్లగా దూరపు చుట్టాల్లా అయిపోవడమే.

అరుగు మీద ఇద్దరే ఉంటే వాదించండి. పదిమందిలోనో, ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులోనో అయితే వడ్ల ధర అడగండి. ఓట్ల లెక్కింపు వారంలో అదీ వద్దు, గారెలు తినండి.