స్వరాజ్ ద్వీప్‌లో నీటి అడుగున వీడియో: కెమెరా సెట్టింగులు, డైవ్ షాపులు, బస

నీటి అడుగున వీడియో తీయాలన్న కోరికతో అండమాన్‌లోని స్వరాజ్ ద్వీప్‌కు, అంటే 2018 చివర పేరు మారేంతవరకు హావ్‌లాక్‌గా పిలిచిన దీవికి, వెళ్ళేవారు సాధారణంగా ఏ కెమెరా కొనాలన్న దాని గురించే ఎక్కువగా ఆలోచిస్తారు. మార్చి నెలలో అక్కడ రెండు డైవ్ షాపులతో దిగి చూసిన తరువాత, కెమెరాలో ఏ సెట్టింగు పనికివస్తుందన్నది మనం ఎంచుకున్న షాపును బట్టి, పడవ బయలుదేరే వేళను బట్టి చాలావరకు ముందే తేలిపోతుందని నాకు గట్టిగా అనిపించింది.

సముద్రపు నీరు ముందుగా ఎరుపును మింగేస్తుంది. అయిదు మీటర్ల లోతుకే ఎరుపు చాలావరకు పోతుంది, పది మీటర్లు దాటేసరికి నారింజ కూడా పలచబడుతుంది, ఆపైన పగడాలైనా చేపలైనా నీలిబూడిద రంగులోనే కనిపిస్తాయి. ఫొటోను రా ఫైలుగా (కెమెరా రంగులు దిద్దని ముడి రూపంలో) తీస్తే ఈ లోటును ఇంటికి వచ్చాక సరిదిద్దుకోవచ్చు గానీ, మామూలు వీడియో ఫైలులో ఆ వెసులుబాటు బాగా తక్కువ కనుక వైట్ బ్యాలన్స్‌ను, అంటే తెలుపు తెలుపుగానే కనిపించేలా కెమెరా రంగులను సరిపెట్టే సెట్టింగును, ఆ లోతులోనే సరిచేసుకోవాలి. సూర్యుణ్ణి వీపు వైపు ఉంచుకొని, తెల్లని పలకను ఫ్రేము నిండా చూపి కస్టమ్ వైట్ బ్యాలన్స్ తీసుకోవాలి. మూడు నాలుగు మీటర్లు దిగినా, పైకి వచ్చినా మళ్ళీ తీసుకోవాలి. ఆ కాస్త సేపు ఓపికగా ఆగే గైడ్ దొరకాలి. మొదటి షాపువారు ఒకే గైడ్ వెనుక పెద్ద గుంపును పంపడంతో, ముందువారి ఫిన్స్ (కాళ్ళకు తొడిగే తెడ్లు) లేపిన ఇసుకలో పలక చూపే తీరిక ఎవరికీ దొరకలేదు. రెండో షాపువారు రుసుము కొంత ఎక్కువే తీసుకున్నా, ఇద్దరికి ఒక గైడ్‌ను ఇచ్చి, ఏయే లోతుల్లో ఆగుతామో దిగే ముందే గీసి చూపించారు. ఆ తేడా వీడియోలో స్పష్టంగా తెలిసింది, కనుక ఆ అదనపు రుసుము పూర్తిగా న్యాయమైనదని చెబుతాను.

మిగతా సెట్టింగులు పడవ ఎక్కకముందే స్థిరపరచుకోవచ్చు. సెకనుకు 25 ఫ్రేములతో తీసేటప్పుడు షట్టర్ వేగం 1/50 సెకను, చేపల గుంపును నెమ్మదిగా చూపడానికి 50 ఫ్రేములతో తీసేటప్పుడు 1/100 ఉంచితే కదలిక సహజంగా ఉంటుంది. డోమ్ పోర్ట్ (లెన్సు ముందుండే గోపురం లాంటి అద్దం) బిగించిన ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సరు ఉన్న) కెమెరాలో అపర్చర్‌ను, అంటే లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రాన్ని, ఎఫ్/8 దగ్గర ఉంచితే అంచులు మసకబారవు. ఆటోఫోకస్‌ను నిరంతరం పనిచేయనిస్తే అది నీటిలోని నలుసుల వెంట పరుగెత్తుతుంది కనుక, ఫోకస్ ఒకసారి కుదిరాక లాక్ చేయడం మేలు. తరువాత రంగులు దిద్దుకోవడానికి వీలుగా వీడియోను వెలిసినట్టు రికార్డు చేసే లాగ్ ప్రొఫైల్‌ను, రంగుల ఛాయలను ఎక్కువగా నమోదు చేసే 10 బిట్ కెమెరా ఉన్నవారే వాడాలి. చిన్న యాక్షన్ కెమెరాల్లో పలక చూపి వైట్ బ్యాలన్స్ తీసుకునే సదుపాయం సాధారణంగా ఉండదు, టచ్ స్క్రీన్ నీటిలో పనిచేయదు. వాటికి ఎర్ర ఫిల్టరే ఆధారం. అయితే ఆ ఫిల్టర్ ఒక స్టాపుకు పైగా, అంటే సగానికి మించి, వెలుతురును తినేస్తుంది, వీడియో లైట్లు వేసినప్పుడు దాన్ని తీసేయకపోతే దగ్గరి వస్తువులన్నీ ఎర్రబారతాయి.

వెలుతురు విషయంలో అండమాన్‌కు ఒక ప్రత్యేకత ఉంది. మన గడియారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని అనుసరిస్తుంది, ఈ దీవులేమో 93 డిగ్రీల దగ్గర ఉన్నాయి. అందువల్ల సూర్యుడు అక్కడ దాదాపు 40 నిమిషాలు ముందుగా నడినెత్తికి వస్తాడు. ఉదయం తొమ్మిది నుంచి ఒంటిగంట వరకు దొరికే నిట్టనిలువు వెలుతురు మధ్యాహ్నం మూడు గంటల డైవ్‌లో ఉండదు. షాపువారు మధ్యాహ్నపు పడవకు తగ్గింపు ధర చెప్పినా, వీడియో కోసం వెళ్ళేవారు ఉదయపు పడవనే అడగాలి.

డైవ్ చేసే చోట్ల విషయానికి వస్తే, బీచ్‌లను నంబర్లతో పిలిచే ఆ దీవిలో రెండో నంబరు బీచ్ నుంచి నడిచి దిగగలిగే నీమో రీఫ్ సాధనకు అనువైనదే గానీ, తొలిసారి దిగేవారి రద్దీ వల్ల నీరు త్వరగా మసకబారుతుంది. జానీస్ గార్జ్, డిక్సన్స్ పినకిల్ లోతైనవి, అడ్వాన్స్‌డ్ శిక్షణ ఉన్నవారికే తగినవి. అంత లోతులో ఎర్ర ఫిల్టర్ వల్ల పెద్దగా ప్రయోజనం ఉండదు. మీటరు దూరంలోని పగడానికి లైట్లను రెండు పక్కలకు బాగా జరిపి వేసి, వెనుకనున్న నీలాన్ని నీలంగానే వదిలేయడం నాకు నచ్చింది. లైట్లు లెన్సుకు దగ్గరగా ఉంటే నలుసులన్నీ తెల్ల చుక్కలై మెరుస్తాయి. శిక్షణ లేకుండా దిగేవారికి వీడియో తీసేది షాపువారే కనుక, ఫిల్టర్ వాడతారా, అసలు ఫైళ్ళు ఇస్తారా అన్నవి డబ్బు కట్టే ముందే అడగాలి. వాట్సాప్‌లో పంపిన వీడియోలో వివరాలు మిగలవు.

రాధానగర్ బీచ్ ఎంత అందమైనదైనా జెట్టీకి పది కిలోమీటర్లకు పైగా దూరం, డైవ్ షాపులేమో ఎక్కువగా తూర్పు తీరాన ఉన్నాయి. అందుచేత మూడో నంబరు, అయిదో నంబరు బీచ్‌ల దగ్గరి బసే మంచిదని నా సలహా. గదిలో ఏసీ ఉండాలి. ఆ పొడి గాలిలో హౌసింగ్ (కెమెరాకు తొడిగే నీరు చొరని పెట్టె) మూసి, లోపల తేమను పీల్చే సిలికా జెల్ పెట్టుకుంటే చల్లని నీటిలోకి దిగగానే అద్దం మీద ఆవిరి పట్టదు. కెమెరాలకు విడిగా మంచినీటి తొట్టె పెట్టిన షాపును, మాస్కులతో పాటే కెమెరాలనూ ముంచే షాపు కంటే ఒక మెట్టు పైనే ఉంచుతాను. వరుసగా డైవ్‌లు చేసినవారు విమానం ఎక్కే ముందు కనీసం 18 గంటలు విరామం ఇవ్వాలి కనుక, తిరుగు టికెట్టు కూడా దానికి తగ్గట్టే తీసుకోవాలి.

ఖర్చు తగ్గించుకోవాలనుకునేవారికి కర్ణాటకలో మురుడేశ్వర్ దగ్గరి నేత్రాణి ఉంది, కానీ వర్షాకాలంలో అక్కడ డైవింగ్ ఆపేస్తారు, నీరు పచ్చగా ఉన్న రోజున ఎర్ర ఫిల్టర్‌కు బదులు మెజెంటా ఫిల్టర్ కావాలి. విశాఖ వారికి రుషికొండే దగ్గర. అక్కడ చూపు అంత దూరం ఆనదు గనుక విశాలమైన దృశ్యాలు ఆశించకూడదు, కానీ పలక చూపి వైట్ బ్యాలన్స్ తీసుకోవడం, ఫోకస్ లాక్ చేయడం చేతికి అలవాటు కావడానికి ఆ నీరు చాలు, అండమాన్ టికెట్టు కొనే ముందే ఆ సాధన పూర్తి చేసుకోవచ్చు.