కారు ఖర్చంతా పన్నులో తీసేయిస్తామనే ప్యాకేజీ కొనే ముందు చదవండి

విశాఖపట్నంలో సొంతంగా వృత్తి చేసుకుంటూ, సొంత కారులోనే పని మీద తిరిగేవారికి పన్ను సలహా పేరుతో ఒక ప్యాకేజీ అమ్ముతున్నారు. మార్చి 31లోగా కారు కొంటే మొత్తం ధరను ఖర్చుగా చూపిస్తామని, కారు మీద కట్టిన జీఎస్‌టీని కూడా వెనక్కి ఇప్పిస్తామని వారు చెబుతారు. ఈ రెండు మాటలూ చట్టానికి విరుద్ధం. దయచేసి ఎవరూ వీటిని నమ్మి డబ్బు కట్టవద్దు.

నేను పరవాడ, అచ్యుతాపురం ఫ్యాక్టరీలకు ఇంజినీరింగ్ సలహాదారుగా పనిచేస్తున్నాను. ద్వారకానగర్‌లోని ఒక కార్యాలయం నా దగ్గర ఫీజు మొత్తం ముందే తీసుకుని, కారుపై కట్టిన పన్నును నా జీఎస్‌టీ రిటర్న్‌లో ఇన్‌పుట్ క్రెడిట్‌గా (కొనుగోళ్లపై ముందే కట్టిన, తగ్గించుకోదగిన పన్నుగా) చూపి, నేను కట్టవలసిన పన్నుకు దానినే సర్దుబాటు చేసింది. శాఖ నుంచి నోటీసు వచ్చాక ఫోన్ ఎత్తడం మానేశారు. వాడుకున్న క్రెడిట్‌ను 18 శాతం వడ్డీతో నేనే తిరిగి కట్టాను. ఫీజు మాత్రం ఇప్పటికీ వెనక్కి రాలేదు.

జీఎస్‌టీ చట్టం సెక్షన్ 17(5) ప్రకారం, డ్రైవర్‌తో కలిపి 13 మంది వరకు కూర్చునే ప్రయాణికుల వాహనంపై క్రెడిట్ రాదు. కార్లు అమ్మేవారికి, ప్రయాణికులను చేరవేసే వ్యాపారం ఉన్నవారికి, డ్రైవింగ్ నేర్పేవారికి మాత్రమే మినహాయింపు ఉంది. అలాంటి కారు బీమా, మరమ్మతుల మీద కట్టే జీఎస్‌టీకీ ఇదే నిషేధం వర్తిస్తుంది.

ఆదాయపు పన్ను సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. కారు ధరను ఒకే ఏడాది ఖర్చుగా రాయడం కుదరదు, ఏటా 15 శాతం తరుగుదల (వాడకంతో కారు విలువ తగ్గినందుకు ఇచ్చే తగ్గింపు) మాత్రమే వస్తుంది. కొన్న ఏడాది వాడకం 180 రోజుల కంటే తక్కువైతే అందులోనూ సగమే. పైగా 1961 నాటి చట్టం సెక్షన్ 38(2) ప్రకారం, కారును ఇంటి పనులకూ వాడుతుంటే వృత్తికి వాడిన మేరకే తగ్గింపు దొరుకుతుంది. ఉదాహరణకు, పది లక్షల కారును మార్చిలో కొని, 60 శాతం పని మీదే తిప్పారనుకుందాం. ఆ ఏడాది తరుగుదల 75,000 రూపాయలు, అందులో మీకు లెక్కకు వచ్చేది 45,000 మాత్రమే. పది లక్షలూ తగ్గిపోతాయని చెప్పి అమ్ముతున్నది ఈ 45,000నే. పెట్రోలు, బీమా, సర్వీసింగ్, కారు అప్పు మీద వడ్డీ కూడా ఇదే నిష్పత్తిలో వస్తాయి. ఈఎంఐలోని అసలు భాగం ఖర్చు కానే కాదు.

ఆ నిష్పత్తిని నిరూపించేది లాగ్‌బుక్ ఒక్కటే అని నా గట్టి అభిప్రాయం. తేదీ, ఎక్కడికి, ఏ క్లయింటు పని మీద, ఓడోమీటర్ రీడింగ్ ఎంత అన్నవి ఏ రోజుకారోజు రాసుకుని, పెట్రోలు బిల్లులు, ఫాస్టాగ్ స్టేట్‌మెంట్ జతచేస్తే అడిగినప్పుడు చూపించడానికి ఆధారం ఉంటుంది. ఆదివారం సింహాచలం వెళ్లిన కిలోమీటర్లను అందులో కలపకూడదు. ఒకే రోజు ఒకే వ్యక్తికి 10,000 రూపాయలకు మించి నగదు ఇస్తే ఆ ఖర్చు చెల్లదు కాబట్టి, పెద్ద మరమ్మతుల బిల్లులు బ్యాంకు ద్వారానే కట్టండి.

అన్నిటికంటే దారుణమైన విషయం మరొకటి ఉంది. అదే 1961 నాటి చట్టం సెక్షన్ 44ఏడీఏ కింద రాబడిలో 50 శాతాన్ని లాభంగా చూపేవారికి కూడా ఇదే ప్యాకేజీ అంటగడుతున్నారు. ఆ పద్ధతిలో కారు ఖర్చు, తరుగుదల అన్నీ మిగతా సగంలోనే కలిసిపోయినట్టు చట్టం భావిస్తుంది. విడిగా తీసివేయడానికి ఏమీ మిగలదు, కాబట్టి కట్టిన ఫీజు పూర్తిగా వృథా.

తప్పుడు వివరాలతో ఆదాయం తగ్గించి చూపినట్టు తేలితే, దానిపై పడే పన్నుకు 200 శాతం జరిమానా ఉంటుంది. ఆ నోటీసు వచ్చేది పన్ను సలహాదారుకు కాదు, మీకు. అందుకే రిటర్న్ వేయడానికి ఓటీపీ చెప్పే ముందు రిటర్న్ కాపీ తెప్పించుకుని, కారు కింద ఎంత రాశారో, ఏ సెక్షన్ కింద రాశారో రాతపూర్వకంగా అడగండి. ఇప్పటికే ఇలాంటి చోట రిటర్న్ వేయించుకున్నవారు జీఎస్‌టీఆర్-3బీ అనే జీఎస్‌టీ రిటర్న్‌లో క్రెడిట్ పట్టిక ఒకసారి తెరిచి చూసి, కారు పన్ను అందులో కనిపిస్తే నోటీసు కోసం ఎదురుచూడకుండా మరో ఆడిటర్ సహాయంతో వెనక్కి కట్టేయండి.